రోటరీ కట్టర్‌తో రెక్సిన్, ఫోమ్, తోలు, కాగితం: ఏది కోయొచ్చు, ఏది కోయకూడదు

మేడమ్ గారూ, మీరు రెండు విషయాలు అడిగారు. 45 మి.మీ. రోటరీ కట్టర్ కొని పాత క్యాలెండర్ కాగితాల మీద బ్లౌజు నమూనాలు కోశారు. వారం తిరక్కుండానే అదే బ్లేడు పాప్లిన్ మీద పోగులు వదిలేస్తోంది, ఎందుకని? గుంటూరులో ఇంటి దగ్గరే బ్యాగులు, పౌచ్‌లు కుట్టే పని మొదలుపెడుతున్నారు కాబట్టి రెక్సిన్, ఫోమ్, తోలు, ట్రాన్స్‌పరెంట్ షీటు అన్నీ దీంతోనే కానిచ్చేయొచ్చా అన్నది రెండోది. మొదటిదాని జవాబు అర్థమైతే రెండోదానిలో సగం మీకే తెలిసిపోతుంది.

కత్తెరకు రెండు ఆకులుంటాయి. బట్ట ఆ రెండింటి మధ్య నలిగి తెగుతుంది. రోటరీ కట్టర్‌కు చక్రంలా దొర్లే గుండ్రటి బ్లేడు ఒకటే (45 మి.మీ. అన్నది దాని వ్యాసం), రెండో ఆకు పని కింద పరిచే కటింగ్ మ్యాట్ చేస్తుంది. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా దీన్ని మొదట తెచ్చింది గుడ్డ కోయటానికే. బ్లేడు మందం 0.3 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. అది దొర్లుతూ, పైనుంచి నొక్కుతూ కోస్తుంది తప్ప రంపంలా ముందుకూ వెనక్కూ రాయదు. కాబట్టి నొక్కితే తెగే వస్తువులకు ఇది బంగారం లాంటి పనిముట్టు. రాస్తేనో, గీసి విరిస్తేనో తప్ప తెగని వాటికి ఎంత కొత్త బ్లేడు వేసినా పనికిరాదు.

ఇక వస్తువు చేతికి గట్టిగా తగులుతోందా మెత్తగా తగులుతోందా అన్నదాన్ని బట్టి నిర్ణయించకండి. చాలామంది పొరపడేది అక్కడే. చూడాల్సినవి మందం, లోపల కలిసిన పొడి, జిగురు. తోలు చేతికి గట్టిగా ఉంటుంది, 1 మి.మీ. తోలు మాత్రం వెన్నలా తెగుతుంది. క్యాలెండర్ కాగితం పల్చగా, నున్నగా ఉంటుంది, బ్లేడును తినేస్తుంది. ఆ నునుపు కాగితానిది కాదు, పైన పట్టించిన పూతది. క్యాలెండర్లకు వాడే ఆర్ట్ పేపర్‌కు రెండు వైపులా చైనా క్లే అనే తెల్లమన్ను, సుద్ద పొడి పూత వేస్తారు. మామూలు జెరాక్స్ కాగితంలో కూడా తెలుపు కోసం, నునుపు కోసం సుద్ద కలుపుతారు. ఆ రేణువులు ఉక్కుకంటే మెత్తనివే. కానీ బ్లేడు అంచు కంటికి కనపడనంత సన్నం. దానికి లక్షల రేణువులు తగులుతూ పోతే, వాటిలో ఇసుక నలుసులు కూడా ఉంటే, అంచు గుండ్రబడిపోతుంది. గుండ్రబడ్డ అంచు కాగితాన్ని ఇంకా చీల్చగలదు, ఎందుకంటే కాగితం బిగుసుగా నిలబడుతుంది. గుడ్డ పోగు అలా నిలబడదు, పక్కకు జరిగి మ్యాట్‌లోకి కుంగి తప్పించుకుంటుంది. అందుకే మీ బ్లేడు కాగితం మీద బాగానే ఉన్నట్టు కనపడి పాప్లిన్ మీద బయటపడింది.

నమూనాలకు ఖాకీ రంగు బ్రౌన్ పేపర్ గానీ, న్యూస్‌ప్రింట్ గానీ వాడండి. వీటిలో పొడి తక్కువ. ఎప్పుడూ వాడే నమూనాను అట్ట మీదకు ఎక్కించాలనుకుంటే దాన్ని కత్తెరతో కోయండి.

అయితే ఆ బ్లేడు పడేసే ముందు ఒక పరీక్ష చేయండి. మొద్దుబారటం వేరు, అంచుకు గాటు పడటం వేరు. ఉతికిన పాత కాటన్ గుడ్డ ఒక పొర పరిచి 60 సెం.మీ. పొడవునా ఒకే వేగంతో, ఒకే బరువుతో దొర్లించండి. తెగని పోగులు అక్కడక్కడా ఎలాపడితే అలా కనపడితే అంచు అంతా అరిగిపోయింది. సరిగ్గా 14 సెం.మీ.కు ఒకసారి ఒక చిన్న కుట్టంత మేర తెగకుండా మిగులుతుంటే, బ్లేడు మీద ఒకే చోట గాటు పడిందని అర్థం. 45 మి.మీ. బ్లేడు చుట్టుకొలత 141 మి.మీ., ఆ గాటు ప్రతి చుట్టుకూ ఒకసారి కిందికి వస్తుంది. 28 మి.మీ. బ్లేడైతే 88, 60 మి.మీ. బ్లేడైతే 188 మి.మీ.కు ఒకసారి. గుండుసూది మీదో, మగ్గం వర్క్ అద్దం మీదో, స్టీలు స్కేలు అంచు మీదో ఎక్కితే పడే దెబ్బ అది. గాటు పడ్డ బ్లేడు రెక్సిన్‌కు, ఫోమ్‌కు ఇంకా పనికొస్తుంది, రెండోసారి దొర్లిస్తే ఆ చుక్క కూడా తెగుతుంది. మొత్తం అరిగినదైతే గుడ్డకు ఇక పనికిరాదు.

అల్యూమినియం ఫాయిల్ మడతలు కోస్తే పదును తిరిగి వస్తుందని చాలాచోట్ల చెబుతుంటారు. అంచుకు అంటుకున్న జిగురు, వంగిన సన్నని రేకు కాస్త తుడుచుకుపోతాయి, అందుకే ఒక పూట బాగున్నట్టు అనిపిస్తుంది. అరిగిపోయిన ఉక్కు మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు మీ బ్యాగుల సరుకు సంగతి.

రెక్సిన్ దీనికి బాగా సరిపోయే సరుకు. కింద అల్లిన గుడ్డ, పైన పీవీసీ పూత. 0.6 నుంచి 1 మి.మీ. వరకు 45 మి.మీ. బ్లేడుతో ఒక్క దొర్లింపులో తెగుతుంది. ఒక్క పొరే కోయండి. రెండు పొరలు ఎదురెదురు వేసి కోస్తే పై పొర ముందుకు పాకి, కింది ముక్కకూ పై ముక్కకూ ఒకటి రెండు మి.మీ. తేడా వచ్చేస్తుంది. బ్యాగు మూలల దగ్గర అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వెనక గుడ్డ వైపు గీత గీసి, గుడ్డ పైకి ఉండేట్టు పరిచి కోస్తే స్కేలు జారదు. ఒక జాగ్రత్త: చవక రెక్సిన్ పూతలోనూ, ఫ్లెక్స్ బ్యానర్ పూతలోనూ సుద్ద పొడి కలుపుతారు. గుడ్డ కోసే బ్లేడును వీటి మీద పెట్టొద్దు. చెయ్యి కుదురుకోవటానికి కొత్త రెక్సిన్ పాడుచేసుకోనక్కర్లేదు, విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్లినప్పుడు సీట్ కవర్లు కుట్టే షాపులో తుక్కు ముక్కలు అడగండి. వేరే వేరే మందాల ముక్కలు చేతికొస్తాయి కాబట్టి ఏ మందానికి ఎంత బరువు వేయాలో ఒక పూటలో తెలుస్తుంది.

ట్రాన్స్‌పరెంట్ పీవీసీ షీటుకు మన ఎండలే ఇబ్బంది. మే నెల మధ్యాహ్నం ఆ షీటు సాగుతుంది, మ్యాట్‌కు అతుక్కుంటుంది, బ్లేడు ముందు అలలా లేస్తుంది. అలా లేచినచోట గీత వంకర పోతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కోయండి. షీటు కింద ఒక న్యూస్‌పేపర్ వేయండి, అతుక్కోదు. స్కేలు కింద అంటుకుంటుంటే చిటికెడు టాల్కం పౌడర్ రాయండి, టాల్క్ మెత్తన కాబట్టి బ్లేడుకు నష్టం లేదు. ప్రొజెక్టర్ మీద పెట్టే ఓహెచ్‌పీ షీటు వేరే జాతి. అది పాలిస్టర్, సాగదు గానీ స్కేలు కింద సర్రున జారిపోతుంది. రెండు చివరలా మాస్కింగ్ టేపుతో మ్యాట్‌కు బిగించి కోయండి.

ఫోమ్ విషయంలో కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తప్పు కోతలో కాదు, స్కేలు నొక్కటంలో జరుగుతుంది. 10 మి.మీ. స్పాంజి మీద స్కేలు పెట్టి గట్టిగా అదిమితే స్కేలు కింది భాగం అణిగి, స్పాంజి నడుము బయటకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును బ్లేడు నిలువునా కోసేస్తుంది. స్కేలు తీయగానే స్పాంజి తన ఆకారానికి వస్తుంది, ఉబ్బిన నడుము లోపలికి పోతుంది, అంచు గిన్నెలా లోపలికి వంగి కనపడుతుంది. దాన్ని బ్యాగు అడుగున పెడితే పై గుడ్డ అక్కడ కుంగుతుంది. దీనికి విరుగుడు సన్నని స్కేలు బదులు 15 సెం.మీ. వెడల్పున్న అక్రిలిక్ స్కేలో, పలకో వాడటం. బరువు అంచు మీద కాకుండా మధ్యలో పడేట్టు అరచెయ్యి ఉంచి, రెండు మూడు తేలిక దొర్లింపుల్లో దిగాలి. 45 మి.మీ. బ్లేడుతో 5, 6 మి.మీ. స్పాంజి వరకు, 60 మి.మీ. బ్లేడుతో 10 వరకు పెట్టుకోండి. అంతకు మించితే పొడవాటి పళ్లున్న బ్రెడ్ కత్తి నయం. బ్యాగుల లైనింగ్‌లో వేసే తెల్లటి ఈపీఈ ఫోమ్, పిల్లల క్రాఫ్ట్‌కు అమ్మే ఈవీఏ షీటు మాత్రం 2, 3 మి.మీ.లలో చాలా శుభ్రంగా తెగుతాయి. మెరుపు పూసిన ఈవీఏ షీటుకు అరిగిన బ్లేడే వాడండి, ఆ మెరుపు రాలి మ్యాట్ గీతల్లో చేరుతుంది.

తోలుకు వస్తే, 1 మి.మీ. వరకు లైనింగ్ తోలు, మెత్తటి మేకతోలు ఒక్క దొర్లింపు. 1.5 నుంచి 2 మి.మీ. వరకు కొత్త బ్లేడుతో రెండు దొర్లింపులు, మధ్యలో స్కేలు కదలకూడదు. బెల్టు తోలు లాంటి దళసరి వాటికి చెప్పులు కుట్టేవారు వాడే రంపె ఉంది, ఆ పని దానిదే. తోలు లోపలి వైపు గీత గీయండి, పైవైపు మచ్చలు, గీతలు ముందే చూసుకుని వాటిని తప్పించి ముక్క పరచండి. పొట్ట భాగం తోలు సాగుతుంది, అక్కడ పొడవాటి పట్టీలు కోయొద్దు, కుట్టేటప్పుడు ఒక పక్క పొడవు పెరుగుతుంది.

లోపలి మూలల దగ్గర జరిగేది తోలు, రెక్సిన్ రెండింటికీ ఒకటే. జిప్ కోసం మధ్యలో దీర్ఘచతురస్రం తీస్తారు కదా, ఆ మూల దాకా బ్లేడు పోనిస్తే పైపొర మూల దాటి తెగిపోతుంది. చక్రం గుండ్రం కాబట్టి కింది చుక్క మూలకు చేరేసరికి పైభాగం అప్పటికే ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. 45 మి.మీ. చక్రంతో 1 మి.మీ. మందానికి ఇది 6.6 మి.మీ., 3 మి.మీ. మందానికి 11 మి.మీ. పైనే. 18 మి.మీ. చక్రంతో 1 మి.మీ. మందానికి 4 మి.మీ. కాబట్టి 1 మి.మీ. రెక్సిన్‌లో మూలకు 7 మి.మీ. ముందే ఆపేసి, మిగిలింది పేపర్ కట్టర్ మొనతో పూర్తి చేయండి. వంపులకు 28 మి.మీ. చక్రం. 45తో చిన్న వంపు తిప్పబోతే బ్లేడు పక్కకు ఒరిగి, అంచు ఏటవాలుగా తెగుతుంది.

నాన్‌వోవెన్ సంచుల గుడ్డ, ఫెల్ట్, 2 మి.మీ. కార్క్ షీటు గురించి పెద్దగా చెప్పటానికి లేదు, హాయిగా తెగుతాయి. కార్క్‌కు మాత్రం మంచి బ్లేడు ఉండాలి, మొద్దుదైతే అంచు పొడిపొడిగా రాలుతుంది. గోనె గుడ్డ వదులు నేత, పైగా మట్టి నలుసులుంటాయి. ముందు బాగా దులిపి, కోసే గీత వెంట మాస్కింగ్ టేపు అంటించి, టేపు మధ్యగా కోస్తే పోగులు విడిపోవు. రబ్బరు షీటు బ్లేడును పట్టేస్తుంది. బ్లేడు రెండు పక్కలా సబ్బునీళ్లు రాసి 2 మి.మీ. వరకు కోయొచ్చు, పని కాగానే తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు చుక్కలు కనపడతాయి.

వద్దు అని గట్టిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. అక్రిలిక్ షీటు, రేకు, మిల్లు అట్ట, సన్‌బోర్డు దీని జోలికి తేవద్దు. అక్రిలిక్‌ను గీసి విరవాలి, మిల్లు అట్టను బైండింగ్ షాపు గిలెటిన్ మీద కోయించుకోవాలి, సన్‌బోర్డుకు పేపర్ కట్టర్ ఉంది. థర్మోకోల్ గింజలుగా చీలుతుంది, దానికి వేడి తీగ కావాలి. ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్ షీటు రబ్బరులా వంగుతుంది కాబట్టి చాలామంది మోసపోతారు. అందులో నిండా ఫెర్రైట్ పొడి ఉంటుంది, రెండు మూడు ముక్కలకే బ్లేడు అయిపోతుంది. బండ్ల నంబర్లకు, బ్యాగు పట్టీల మీద మెరుపుకు వాడే రేడియం స్టిక్కర్ కూడా అంతే. లైటు పడితే తళుక్కుమనే రకంలో చాలావాటికి లోపల గాజు పూసలు ఉంటాయి, కంటికి పొడిలా కనపడేంత చిన్నవి. స్నాప్ బ్లేడుతో కోసి, మొన పోగానే ఒక ముక్క విరిచేయటం చవక. ఫైబర్ గ్లాస్ గుడ్డదీ ఇదే కథ, పైగా ఆ నలుసులు చేతికి గుచ్చుకుని దురద పెడతాయి.

జిగురు ఉన్నవి, అంటే డబుల్ సైడ్ టేపు, స్టిక్కర్ వినైల్, ఇస్త్రీతో గుడ్డకు అంటించే ఫ్యూజింగ్, తెగకపోవటం వల్ల ఇబ్బంది పెట్టవు. జిగురు బ్లేడు పక్కలకు పట్టి, దాని మీద నూగు చేరి, చివరికి బ్లేడు దొర్లటం మానేస్తుంది. దొర్లని బ్లేడు ఒకే చోట ఈడ్చుకుంటూ పోయి అక్కడే అరుగుతుంది. చేతికి బరువుగా తగలగానే ఆపి, బ్లేడు విప్పి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకు తుడవండి. అంచు వెంబడి వేలు పోనివ్వొద్దు. ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాసి, తుక్కు గుడ్డ మీద నాలుగు సార్లు దొర్లించి ఎక్కువైన నూనె వదిలించండి. కొబ్బరినూనె రాయొద్దు, చలికి అది గడ్డకడుతుంది.

విప్పేటప్పుడు మర, వంపు వాషరు, కవరు, బ్లేడు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే ఒక తెల్ల కాగితం మీద పేర్చుకోండి, ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. వంపు వాషరు తిరగేసి పెడితే ఎంత బిగించినా బ్లేడు ఊగుతుంది. కొత్త బ్లేడ్లు పెట్టెలో నూనెతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒకటే తీశామనుకుని రెండు ఎక్కించేస్తుంటారు. అప్పుడు రెండు గీతలు పడతాయి లేదా అసలు తెగదు. మర ఎంత బిగించాలంటే, బ్లేడును మ్యాట్ మీద తాకించి లాగితే దొర్లాలి, పక్కకు ఆడించి చూస్తే ఊగకూడదు.

ఇవన్నీ ఒకే పిడితో చేసుకోవచ్చు, ఒకే బ్లేడుతో కాదు. బ్లేడు మధ్యలో, అంచుకు దూరంగా పర్మనెంట్ మార్కర్‌తో చుక్కలు పెట్టుకోండి. ఒక చుక్క పట్టు, క్రేప్, జార్జెట్‌కు, రెండు చుక్కలు కాటన్‌కు, మూడు రెక్సిన్, ఫోమ్, ఫ్లెక్స్‌కు, నాలుగు కాగితానికి. కొత్తది ఎప్పుడూ పట్టుకే ఎక్కుతుంది. పట్టు మీద పోగు వదలగానే కాటన్‌కు దిగుతుంది, అక్కడ వదిలితే రెక్సిన్‌కు. పైకి మాత్రం ఎప్పుడూ ఎక్కదు. తోలు పని ఉంటే దానికి ఒకటి కొత్తది విడిగా. ఈ లెక్కన మొదట్లో 5 బ్లేడ్ల పెట్టె ఒకటి కొంటే సరిపోతుంది. ఇప్పుడు మీ దగ్గరున్న బ్లేడుకు నాలుగు చుక్కలు పెట్టేయండి.

మ్యాట్ కూడా రెండు ఉండాలి. రెక్సిన్, తోలు మీద ఎక్కువ బరువు వేస్తాం కాబట్టి మ్యాట్‌లో గీతలు లోతుగా దిగుతాయి, వాటిలో కాగితం పీచు, ఫెల్ట్ నూగు ఇరుక్కుంటే ఆ గీతలు మూసుకోవు. తర్వాత పల్చటి గుడ్డ కోసినప్పుడు బ్లేడు ఆ గాడిలోకి లాక్కుపోతుంది. పాతది బరువు పనికి, కొత్తది గుడ్డకు. గోరువెచ్చని నీళ్లు, అంట్ల సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడగండి. వేడి నీళ్లు వద్దు. మేడ మీద ఎండలోనో, తలుపులు మూసిన కారులోనో పెడితే ఒక్క మధ్యాహ్నంలో వంగిపోతుంది. గోడకు ఆనించి నిలబెట్టినా వంగుతుంది, మంచం కింద చదునుగా పడుకోబెట్టండి. ఇస్త్రీ పెట్టె దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

చేతి సంగతి మర్చిపోవద్దు. దళసరి సరుకు మీద బరువు వేసినప్పుడు బ్లేడు పల్చటి స్కేలు మీదకు ఎక్కి వేళ్ల మీదకు వస్తుంది. కనీసం 3 మి.మీ. మందమున్న స్కేలు వాడండి, వేళ్లు అంచుకు 3 సెం.మీ. లోపల ఉంచండి, స్కేలు పట్టుకున్న చేతికి కట్ రెసిస్టెంట్ గ్లవ్ వేసుకోండి. నిలబడి, శరీరానికి దూరంగా తోయండి, మీ వైపుకు లాగొద్దు. ప్రతి కోత తర్వాత, ముక్క పక్కన పెట్టే ముందే కవరు మూయండి. ఇంట్లో పిల్లలుంటే కట్టర్ డ్రాయరులో కాదు, తాళం పెట్టే చోట ఉండాలి.

అయిపోయిన బ్లేడ్లను చెత్తబుట్టలో వేయకండి. పొద్దున వచ్చి చెత్త తీసుకెళ్లేవాళ్లు చేత్తోనే వేరు చేస్తారు, పల్చటి కవరులోంచి ఆ బ్లేడు నేరుగా అరచేతిలోకి దిగుతుంది. మూత ఉన్న రేకు డబ్బా ఒకటి మిషను పక్కన పెట్టుకుని, బ్లేడుకు రెండు వైపులా టేపు చుట్టి అందులో వేస్తూ ఉండండి. డబ్బా నిండాక మూతకు టేపు బిగించి, పైన "బ్లేడ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి, వాళ్లకు చెప్పి చేతికివ్వండి.